పదివేలల్లో పాప ఐదో పుట్టినరోజు అవుతుందా? అవుతుంది, ముందు తలకాయల లెక్క తేల్చుకో

చెల్లీ, నువ్వు రాసింది మొత్తం చదివాను. పాపకి 5 నిండుతున్నాయి, యూకేజీ, శ్రీకాకుళంలో పై వాటా అద్దిల్లు, డాబా వాడుకోవచ్చు, చేతిలో 10,000, డెకరేషన్ అబ్బాయి ఒక్క బెలూన్ల ఆర్చికే 6,500 అన్నాడు, మీ అత్తగారేమో పిలిచి భోజనం పెట్టకుండా పంపుతామా అంటున్నారు, మీ ఆయన ఏదైనా చిన్న హాల్ చూద్దామా అంటున్నారు. ఇదే కదా. నాకంటే చిన్నదానివే అనుకుని నువ్వు అంటున్నా, ఏమీ అనుకోకు. మాది విజయనగరం, మా ఆయనకి టెంట్ హౌస్ ఉంది, నేను ఇంటి దగ్గర్నుంచే వంట ఆర్డర్లు పట్టుకుంటాను, బారసాలలు, పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, ఇవే మా బతుకు. ఏ ఇంట్లో దేనికి ఎంత పెట్టారో, అందులో ఏది మర్నాడు పొద్దున్న చెత్త బండి ఎక్కిందో రెండూ కళ్ళారా చూసేది మేమే. అందుకని మా వ్యాపారానికి అడ్డమైనా సరే ఉన్నమాట చెప్తాను.

పిల్లల పుట్టినరోజులో డబ్బు తినేసేది కేకూ కాదు బుడగలూ కాదు, పెద్దోళ్ళ భోజనాలు. మా వైపు ప్లేటు లెక్కన ఇచ్చే మామూలు వెజ్ భోజనమే ఇప్పుడు 150, 200 మధ్యన ఉంది, చికెన్ బిర్యానీ అంటే ఇంకా పైకే. మీ అత్తారి తరఫు, మీ పుట్టింటి తరఫు, కింద వాటా వాళ్ళు, మీ ఆయన ఆఫీసు వాళ్ళు అని రాసుకుంటూ పోతే 60 మంది ఊరికే అయిపోతారు. 60ని 180తో వేసుకో, 10,800. ఇంకా కేక్ కొనలేదు, పాపకి గౌను కొనలేదు, నీ డబ్బులు అయిపోయాయి. అదే 16 మంది పిల్లలకి సాయంత్రం టిఫిన్ అంటే తలకి 60 వేసుకున్నా వెయ్యి రూపాయలు దాటదు. ఏటంటే మనం పుట్టినరోజు అని మొదలెట్టి ఫంక్షన్ చేసేస్తాం, ఒక పెదనాన్నని పిలిస్తే ఇంకో పెదనాన్నని పిలవాలి, పక్కింటివాళ్ళని పిలిస్తే ఎదురింటివాళ్ళు మొహం తిప్పుకుంటారు, ఆఖరికి పాప కేక్ కోసే టైమ్‌కి దాని ఫ్రెండ్స్ ఎక్కడో వెనకాల గోడకి ఆనుకుని నిద్రపోతూ ఉంటారు. ఇది నేను ప్రతి సీజన్లో చూస్తున్నదే.

అయితే మీ అత్తగారి మాట కొట్టిపారెయ్యకు. ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉంది, మన ఊళ్ళలో పెద్దోళ్ళని సాయంత్రం పిలిచి ఒక కేక్ ముక్క, గుప్పెడు మిక్చర్ చేతిలో పెట్టి పంపితే నిజంగానే మాట వస్తుంది. అందుకని పెద్దోళ్ళని సాయంత్రం పిలవకు. పొద్దున్న పిలు. పాపకి నలుగు పెట్టి తలంటు పోసి, కొత్త బట్టలు కట్టి, గుడికి తీసుకెళ్ళొచ్చాక ఒక 9 గంటలకి దగ్గరవాళ్ళు ఓ 20 మంది ఇంటికొచ్చి అక్షింతలు వేస్తారు, హారతి ఇస్తారు, పులిహోర, సేమియా పాయసం తిని వెళ్తారు. దీన్ని ఎవ్వరూ తక్కువ చూడరు, పైగా పొద్దున్న టైమ్‌లో కాబట్టి ఎవరి పనికి వాళ్ళు బేగి లేచిపోతారు, మధ్యాహ్నం భోజనం దాకా కూచోరు. ఇంకోటి, ఈ పొద్దున్న పని మొత్తం మీ అత్తగారి చేతికి ఇచ్చెయ్యి, ఎవర్ని పిలవాలి, ముందు ఎవరు అక్షింతలు వెయ్యాలి, పాయసంలో పంచదారా బెల్లమా అన్నీ ఆవిడిష్టం, నువ్వు ఇచ్చేది 1,500 రూపాయలు, 20 మంది అన్న లెక్క మాత్రమే. సాయంత్రం నీది. ఇలా పంచుకున్న ఇళ్ళలో గొడవ అవ్వడం నేను చూడలేదు.

సాయంత్రానికి పిల్లలు, అంతే. క్లాసులో మొత్తం 35 మందిని పిలవక్కర్లేదు, క్లాసుకి స్కూల్లోనే చాక్లెట్లు పంచుతాం కదా, అది చాలు. పాపని కూచోబెట్టి నువ్వు రోజూ ఎవరితో ఆడుతున్నావని అడుగు, ఏడెనిమిది పేర్లకంటే చెప్పదు. వాళ్ళు, వీధిలో పిల్లలు, మేనత్త పిల్లలు, పిన్ని పిల్లలు కలిపి 16 దగ్గర ఆపెయ్యి. 16 దాటితే ఇంట్లో ఇద్దరు మనుషులు పట్టుకోలేరు.

టైమ్ 4 నుంచి 6. ఇది చాలా ముఖ్యం. 7 గంటలకని పిలిస్తే నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అది రాత్రి భోజనం కిందకే వస్తుంది. 4 గంటలంటే అందరూ ఇంట్లో తినేసి వస్తారు. వాట్సాప్‌లో ఫోటోకార్డు ఏదో పెట్టేసి ఊరుకోకు, దాని కింద మాటల్లో రాయి, ముగిసే టైమ్ కూడా రాయి. నేనైతే ఇలా రాయిస్తాను: "ఆదివారం మా పాప ఐదో పుట్టినరోజు. సాయంత్రం 4 నుంచి 6 వరకు మా ఇంట్లో పిల్లలకి ఆటలు, కేక్, టిఫిన్. బాబుని 4కి దింపి 6కి వచ్చి తీసుకెళ్ళండి. గిఫ్టులు ఏమీ వద్దండి, వచ్చి ఆడుకుంటే చాలు. బాబుకి పడని తిండి ఏదైనా ఉంటే ముందే చెప్పండి." దింపి తీసుకెళ్ళండి అన్న ముక్కలోనే పిల్లలకి మాత్రమే అని చెప్పినట్టు అయిపోతుంది, ఎవరికీ బాధ ఉండదు. అయినా ఐదారుగురు తల్లులు ఉండిపోతారులే, చిన్న పిల్లలు కదా, వాళ్ళకి కూడా లెక్క వేసుకో. గిఫ్టులు వద్దని ఎందుకంటున్నానంటే మనకి చదివింపుల అలవాటు ఉంది కదా, ఎవరు 200 కవర్ పెట్టారో రాసుకుని వాళ్ళింట్లో ఫంక్షన్ వచ్చినప్పుడు తిరిగి పెట్టాలి, 16 కవర్లు వస్తే 16 బాకీలు.

హాల్ సంగతి. వద్దు. చిన్న ఏసీ హాల్ అని హోటల్ వాళ్ళు ఇస్తారు, అద్దె లేదు అంటారు గానీ కనీసం ఇన్ని ప్లేట్లు తీసుకోవాలి అని కండిషన్ ఉంటుంది, ఆ ప్లేట్లు నీ 16 మంది కంటే ఎక్కువే ఉంటాయి. బయట కేక్ రానివ్వని చోట్లు కూడా ఉన్నాయి. నీకు డాబా ఉంది, అదృష్టం, కాకపోతే ముందు వెళ్ళి పిట్టగోడ చూడు. నీ నడుము కంటే కిందకి ఉంటే డాబా మీద పెట్టకు, 16 మంది గుంటలు ఒకేసారి పరిగెడితే ఎవర్నీ ఆపలేవు. గోడ ఎత్తుగా ఉంటే సరే, మెట్ల దగ్గర మాత్రం ఒక మనిషిని కదలకుండా కూచోబెట్టు, ఆ పనికి తాతగార్లు బాగా పనికొస్తారు.

ఇప్పుడు తిండి. పొద్దున్న 20 మందికి పులిహోర అంటే 2 కిలోల బియ్యం సరిపోతుంది, పాయసం ఉంది కాబట్టి. పాయసానికి 2 లీటర్ల పాలు, పావుకిలో సేమియా, చిన్న గ్లాసుల్లో 20 వస్తాయి. జీడిపప్పు గుండ్లు కొనకు, పలాస మన పక్కనే కదా, ముక్క పప్పు అని అడుగు, రేటు బాగా తేడా ఉంటుంది, నేతిలో వేగాక పాయసంలో ఎవరికీ తెలీదు. పులిహోర పులుసు ముందురోజు రాత్రే కాచి ఉంచేసుకో, అందులోంచి కొంచెం సాయంత్రానికి తీసి పెట్టి, మధ్యాహ్నం 2 గంటలకి ఇంకో కిలో బియ్యం వండి కలుపు. పొద్దున్న కలిపిందే సాయంత్రం పెట్టకు, ఎండాకాలం అయితే అస్సలు వద్దు. పాయసం మిగిలినా సాయంత్రం పిల్లలకి పొయ్యకు, అది పాలు.

సాయంత్రం పిల్లలు నువ్వనుకున్నంత తినరు. ఇది వంట చేసేదాన్ని, నా మాట నమ్ము. నూడిల్స్, మంచూరియా, పూరీ, గులాబ్ జామ్, ఐస్‌క్రీమ్ అని వరసగా పెట్టిస్తారు, ఒక్కో ప్లేట్లో సగం అలాగే మిగిలిపోతుంది. చిన్న దొప్పలో పులిహోర, రెండు చిన్న సమోసాలు, ఒక పండు, నిమ్మ షర్బత్, వీటితో పాటు కేక్. సమోసాలు ఇంట్లో చెయ్యకు, స్వీట్ షాపులో చిన్న సైజు లెక్కన ఆర్డర్ ఇచ్చి 4 గంటలకి తెప్పించుకో. పండు ఆ కాలంలో దొరికేది, మేలో అయితే మామిడి ముక్కలు, ముంజలు, మిగతా రోజుల్లో అరటిపళ్ళు, పుచ్చకాయ. ద్రాక్ష పెడితే చిన్న పిల్లలకి పొడుగ్గా నాలుగు ముక్కలు చేసి పెట్టు, గుండ్రంగా ఉన్నది గొంతులో అడ్డం పడుతుంది.

తల్లులకీ పెద్ద పిల్లలకీ ముంత మసాలా కలుపు. మన వైపు దీన్ని వద్దనేవాళ్ళు ఎవరూ ఉండరు, పైగా ఎదురుగా కలుపుతుంటే అదే ఒక ఆట. అరకిలో మరమరాలు తెస్తే 20 పొట్లాలు అవుతాయి. పొద్దున్నే ఒకసారి బాణలిలో నూనె లేకుండా వేయించి డబ్బాలో మూత పెట్టెయ్యి, కరకరలాడతాయి. ఉల్లిపాయ సన్నగా తరుగు, టమాటా గింజలూ నీళ్ళూ తీసేసి గట్టి కండ మాత్రమే తరుగు, కొత్తిమీర, నిమ్మకాయ, ఉప్పు, కారం, కాస్త వేడి చేసిన నూనె, కొంచెం కార్న్‌ఫ్లేక్స్ మిక్చర్. అన్నీ వేరే వేరే గిన్నెల్లో పెట్టుకుని ఇద్దరికో ముగ్గురికో సరిపడా మాత్రమే కలపాలి, ఒకేసారి మొత్తం కలిపితే ఐదు నిమిషాల్లో మెత్తబడి ముద్దవుతుంది. వేరుశనగ పలుకులు పెద్దవాళ్ళ పొట్లాల్లోనే వెయ్యి. ఐదేళ్ళ లోపు పిల్లలకి గుళ్ళు గుళ్ళుగా పెట్టకూడదు, పరిగెడుతూ నవ్వుతూ తింటారు, ఊపిరి గొట్టంలోకి పోతే చాలా ప్రమాదం.

ప్లేట్లకి అడ్డాకు దొప్పలు, విస్తర్లు తెచ్చుకో. సీతంపేట, పార్వతీపురం, సాలూరు వైపు ఏజెన్సీ గిరిజన ఆడవాళ్ళు కొండ మీంచి ఆకు కోసుకొచ్చి కుట్టేవి, మన మార్కెట్లలో దొరుకుతూనే ఉంటాయి, పులిహోర అందులో పెడితే రుచే వేరు. ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, స్పూన్లు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశం మొత్తం మీద నిషేధం, ఇంకా కొన్ని షాపుల్లో కౌంటర్ కింద నుంచి తీసి ఇస్తున్నారు గానీ మనకెందుకు. ఆ లిస్టులో బెలూన్లకి పెట్టే ప్లాస్టిక్ పుల్లలు, అలంకరణకి వాడే థర్మాకోల్ కూడా ఉన్నాయి, ఈ సంగతి డెకరేషన్ చేసేవాళ్ళలోనే చాలామంది పట్టించుకోరు. పాప పేరు థర్మాకోల్ అక్షరాల్లో కోయిస్తామంటే అక్కర్లేదని చెప్పు.

కేక్ దగ్గర షాపువాడు 2 కిలోలు అంటాడు. నీకు 1 కిలో చాలు. గుండ్రంది కాదు, చతురస్రంగా ఉండేది అడుగు. గుండ్రటి కేక్ కోస్తే ఒకరికి పెద్ద ముక్క, ఒకరికి క్రీమ్ మాత్రం వస్తుంది, ఆ చివర ఎవరో ఒకరు ఏడుస్తారు. చతురస్రం అయితే ఒకవైపు 4, ఇంకోవైపు 5 వరసలు కోస్తే 20 ముక్కలు సమానంగా వస్తాయి, పిల్లలకి అదే ఎక్కువ. పాప పైన ఒక్క ముక్క కోశాక ఫోటో తీసుకుని కేక్‌ని వంటింట్లోకి పట్టుకెళ్ళి కొయ్యండి, చుట్టూ పిల్లలు మూగి ఉండగా కాదు. థీమ్ కేక్, బొమ్మ కేక్ అంటే అదే కేక్‌కి రేటు దాదాపు రెట్టింపు. మామూలు కూల్ కేక్ 600 లోపు తీసుకుని, పాప దగ్గర ఉన్న చిన్న బొమ్మని శుభ్రంగా కడిగి తుడిచి మీద నిలబెట్టు. పైన చక్కెరతో చేసిన రంగు బొమ్మలు ఎలాగూ ఎవరూ తినరు. గుడ్డు తినని ఇళ్ళ పిల్లలు ఉంటే ఎగ్‌లెస్ అని ఆర్డర్ ఇచ్చేటప్పుడే రాయించు. కూల్ కేక్ ఎండలో డాబా మీద పెడితే పావుగంటలో పక్కకి జారిపోతుంది, ఫ్రిజ్‌లోంచి కోసే ముందే తియ్యి.

అలంకరణ. 6,500 పెట్టి ఆర్చి కట్టిస్తే అది ఒక సాయంత్రానికి మాత్రమే, వాళ్ళ ఐరన్ ఫ్రేమ్ వాళ్ళు పట్టుకుపోతారు, నీకు మిగిలేది పగిలిన రబ్బరు. నువ్వు చెయ్యాల్సింది ఒకే ఒక్క గోడ. ఫోటోల్లో వచ్చేది ఆ గోడే, మిగతా ఇల్లంతా ఎవరూ చూడరు. నీ దగ్గర మంచి రంగు పట్టుచీర ఉంటుంది కదా, కుచ్చిళ్ళు పెట్టినట్టు మడతలు పెట్టి కర్టెన్ రాడ్డుకి పిన్నులతో వేలాడదియ్యి, రెండు పక్కలా బంతిపూల దండలు, పైన మామిడాకుల తోరణం. దానికి 5 అంకె ఫాయిల్ బెలూన్ ఒకటి, ఆగస్టు 15కి బడిలో కడతారే ఆ రంగు కాగితాల తోరణాలు రెండు వరసలు, పాప చేతే కత్తిరించి అతికించు, ముందు వారం అంతా దానికి పని దొరుకుతుంది. ఒక 40 బుడగలు చాలు, చేతి పంపు 100 లోపే వస్తుంది, నోటితో ఊదుకోకు. పొద్దున్నే ఊది డాబా మీద ఎండలో పెడితే సాయంత్రానికి ఒకటీ మిగలదు, మధ్యాహ్నం భోజనాలయ్యాక గదిలో ఊది 4కి కట్టు.

బుడగల గురించి ఇంకో మాట, ఇది డబ్బు విషయం కాదు. పగిలిన రబ్బరు ముక్క, ఊదని బుడగ చిన్న పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, అది గొంతులో అతుక్కుంటే తియ్యడం చాలా కష్టం, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు ఉన్నచోట పగిలిన వెంటనే ముక్కలు ఏరెయ్యాలి. ఆ ఏరే పనికి ఒక మనిషిని చెప్పు. గాల్లోకి ఎగిరే బుడగలు కావాలని పాప అడిగినా కొనొద్దు, వీధిలో అమ్మేవాటిల్లో చాలావాటికి హైడ్రోజన్ కొడతారు, హీలియం ఖరీదు కాబట్టి. హైడ్రోజన్ బుడగకి కేక్ మీద కొవ్వొత్తి తగిలితే భగ్గుమంటుంది. అలాగే స్నో స్ప్రే. ఈ మధ్య కేక్ కోస్తుంటే పక్కనుంచి నురగ చల్లడం ఒక ఫ్యాషన్ అయ్యింది, ఆ డబ్బాలో నురగని బయటకి తోసేది మంట అంటుకునే గ్యాస్, కొవ్వొత్తి వెలుగుతుండగా కొడితే జుట్టుకీ మొహానికీ మంట అంటుకున్న వీడియోలు నువ్వూ చూసే ఉంటావు. మా దగ్గర ఎవరైనా సామాన్లతో పాటు అవి కూడా తెచ్చిపెట్టమని అడిగితే మా ఆయన తేను అని మొహం మీదే చెప్పేస్తారు. మీ తమ్ముడో మరిదో సరదా పడి తెస్తే గుమ్మం దగ్గరే తీసుకుని దాచెయ్యి.

ఆటలు. చాలామంది దీనికి మనిషిని పెట్టుకుంటారు, జోకర్ వేషం, మ్యాజిక్ షో, గంటకి ఇంత అని. ఐదేళ్ళ పిల్లల్లో జోకర్ని చూసి ఏడ్చేవాళ్ళే ఎక్కువ. మీ వీధిలో తొమ్మిదో పదో చదువుతున్న చలాకీ అమ్మాయి ఎవరైనా ఉంటే పిలు, అప్పా అప్పా (అక్కా అని) అంటూ పిల్లలు ఆ అమ్మాయి వెనకాలే తిరుగుతారు, చివర్లో ఒక 200 చేతిలో పెట్టు. పిల్లలందరూ 4కే రారు, ఒకరు 4కి ఒకరు 4:30కి వస్తారు, ముందొచ్చినవాళ్ళు ఊరికే ఉంటే సోఫాలెక్కి గెంతుతారు. అందుకని నేల మీద నాలుగైదు చార్టులు అతికించి పొడుగ్గా పరిచి క్రేయాన్స్ పోసెయ్యి, వచ్చినవాళ్ళు వచ్చినట్టు కూచుని బొమ్మలు గీస్తారు. 4:30కి ఆటలు మొదలెట్టు.

కుర్చీలాట అందరూ పెడతారు, కానీ ఈ వయసుకి ఓడినవాళ్ళని బయటకి పంపే ఆట మంచిది కాదు, మొదట అవుటయిన పిల్ల మొహం వేలాడేసుకుని వాళ్ళమ్మ ఒళ్ళోకి పోతుంది, ఇంక మళ్ళీ రాదు. పాట ఆపగానే బొమ్మలా నిలబడే ఆట పెట్టు, కదిలినవాళ్ళు ఒక కప్ప గంతు వేసి మళ్ళీ ఆటలోకి వచ్చెయ్యాలి. నిమ్మకాయ చెంచా, పెద్ద పిల్లలయితే గోనెసంచి పరుగు. వీరీ వీరీ గుమ్మడిపండు ఇప్పటి పిల్లలకి తెలీదు, మీ అత్తగారిని కూచోబెట్టి ఒక పిల్ల కళ్ళు మూయించి ఆడించమను, నేను చూసిన ప్రతిచోటా పిల్లలు అదే మళ్ళీ మళ్ళీ అడుగుతారు. ఆఖరున వెతుకులాట, నువ్వుల చిక్కీలు, నువ్వుల ఉండలు కాగితంలో చుట్టి దిండ్ల కింద, చెప్పుల స్టాండ్ వెనకాల, కుండీల పక్కన దాచి, ఒక్కొక్కరు మూడు దొరికితే ఆపెయ్యాలి అని ముందే చెప్పు, లేకపోతే గట్టి పిల్లాడు ఒక్కడే డజను జేబులో వేసుకుంటాడు. చిక్కీలు అక్కడే నమలనివ్వకు, ఇంటికి తీసుకెళ్ళమను. 5:20కి కేక్, తర్వాత టిఫిన్, 6కి చెప్పులు. కేక్ ముందు పెట్టేస్తే ఆటలు సాగవు, కేక్ అయిపోయాక పార్టీ అయిపోయిందనే పిల్లల లెక్క.

ఫోటోలకి మనిషిని పెట్టొద్దు. ఇంట్లో కాలేజీ కుర్రాడు ఒకడు ఉంటాడు, వాడి ఫోన్ చాలు, కాకపోతే ఒక్కటి చెప్పు, ప్రతి పిల్లతోనూ పాప విడిగా ఒక ఫోటో తియ్యాలని. మర్నాడు అది ఆ తల్లికి పంపితే ఏ రిటర్న్ గిఫ్టూ దాని ముందు చాలదు.

అయినా రిటర్న్ గిఫ్ట్ లేకుండా మన ఊళ్ళో అవ్వదులే. తలకి 60. ప్లాస్టిక్ టిఫిన్ బాక్సులు, గంటకి విరిగే కార్లు కొనకు. మంచి పెన్సిళ్ళు, రబ్బరు, చిన్న డ్రాయింగ్ పుస్తకం కలిపి కాగితపు సంచిలో, లేదా ఏటికొప్పాక లక్క బొంగరం దొరికితే అది, చెక్క, రంగు చెట్ల నుంచి తీసింది, నోట్లో పెట్టుకున్నా భయం లేదు. ఎవరో నీకు వైజాగ్ పూర్ణా మార్కెట్లో హోల్‌సేల్‌గా చవక అని కింద రాశారు, చవకే, 100 కొనేవాళ్ళకి. 16 కొనడానికి శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస స్టేషన్‌కి ఆటో, అక్కడ్నుంచి రైలు, మళ్ళీ అక్కడ ఆటో, మధ్యాహ్నం తిండి, ఒక రోజు సెలవు, వచ్చే లాభం అందులోనే పోతుంది. మీ ఊళ్ళోనే స్టేషనరీ షాపులో 16 ఒకేసారి తీసుకుంటానని అడిగితే ఎంతో కొంత తగ్గిస్తాడు.

లెక్క వేసి చూపిస్తాను, మా వైపు ఇప్పటి రేట్లు, అటూ ఇటూ అవ్వొచ్చు. పొద్దున్న పులిహోర పాయసం 1,500. సాయంత్రం టిఫిన్, తల్లులతో కలిపి 1,500. కేక్ 600. అలంకరణ 700. రిటర్న్ గిఫ్టులు 960. కుర్చీలు, టేబుల్, చాప, ఆటో కలిపి 400. ఆటల సామాను, ఆ పదో తరగతి అమ్మాయికి ఇచ్చేది 500. స్కూల్లో చాక్లెట్లు 300. గుడికి ఆటో, కొబ్బరికాయ, పూలు 400. గౌను 1,500, అది కూడా మేనమామ తేకపోతేనే. అన్నీ కలిపి 8,360. మిగిలిన 1,640 కవర్లో పెట్టి పక్కన ఉంచు, ఎవరో ఒకరు చెప్పకుండా నలుగుర్ని వెంటబెట్టుకు వస్తారు, గ్యాస్ బండ ఆరోజే అయిపోతుంది. ఏమీ అవ్వకపోతే పాప పేరు మీద పోస్టాఫీసులో వేసెయ్యి.

చివరగా డేటు, అది నువ్వు రాయలేదు. అసలు తారీకునే సాయంత్రం పార్టీ పెట్టాలని ఏం లేదు, తారీకున (లేదా మీ ఇంట్లో తిథి పాటిస్తే ఆ తిథికి) పొద్దున్న అక్షింతలు, ఆ తర్వాత వచ్చే ఆదివారం పిల్లల పార్టీ, పిల్లలకి సెలవు ఉంటుంది. రెండూ ఒకరోజే కుదిరి అది ఆదివారం అయితే మాత్రం గుడి అరసవల్లి పెట్టుకోకు, సూర్యుడి వారం కాబట్టి ఆరోజు జనం క్యూల్లోనే ఉంటారు, పాపకి అక్కడే నిద్రొచ్చేస్తుంది, దగ్గర్లో ఉన్న గుడికి వెళ్ళొచ్చి అరసవల్లి ఇంకో రోజు వెళ్ళు. పెళ్ళి ముహూర్తాలు గట్టిగా ఉన్న వారం అయితే కుర్చీలు దొరకవు, దొరికినా మావాళ్ళు రేటు తగ్గించరు, పది రోజుల ముందే అడ్వాన్స్ ఇచ్చి చీటీ రాయించుకో. ఆషాఢం, మూఢం రోజుల్లో అయితే మా సామాను అంతా గోడౌన్లో దుమ్ము పట్టి ఉంటుంది, అప్పుడు బేరమాడు, సిగ్గుపడకు, ఆటో చార్జీ కూడా వాళ్ళ మీదే వెయ్యొచ్చు. దసరా తర్వాత వచ్చే మంగళవారం మా ఊళ్ళో పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర, ఆ రెండు మూడు రోజులు మా ఆయన ఫోనే ఎత్తరు, విజయనగరం నుంచి సామాను తెప్పించుకుందామనుకుంటే ఆ వారం మర్చిపో. అక్టోబర్ అయితే డాబా మీద షామియానా వేసే ఆలోచనే వద్దు, 2014లో హుద్‌హుద్ తుఫాను అక్టోబర్ 12న, 2018లో తిత్లీ అక్టోబర్ 11న, తిత్లీ అయితే మీ పలాస దగ్గరే తీరం దాటింది, తుఫాను రాకపోయినా ఆ నెలలో సాయంత్రం వానకి నమ్మకం లేదు. దానికి బదులు ఇంటి హాల్లోనే సోఫా గోడకి జరిపి, మంచం నిలబెట్టి చాపలు పరిస్తే 16 మంది పిల్లలు పడతారు. ఏ నెలో, హాలు ఎన్ని అడుగులో రాయి, కుర్చీలు అవసరమా చాపలు చాలా అన్నది మా ఆయన్ని అడిగి చెప్తాను.